కళ పేరుతో దగా

‘ఆర్ట్ అండ్ డిజైన్ టూర్’ అని పేరు పెట్టి వరంగల్ వైపు నుంచి ఒక ప్రైవేటు పాఠశాల తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని రెండు రోజులపాటు హైదరాబాద్ తిప్పి తీసుకొచ్చింది. తల్లిదండ్రులు వేలల్లో కట్టారు. స్కెచ్‌బుక్, 2బి, 4బి పెన్సిళ్లు తప్పనిసరిగా తెచ్చుకోవాలని సర్క్యులర్‌లో రాశారు. ఒక విద్యార్థిని తండ్రి ఆ సర్క్యులర్‌నూ, తిరిగొచ్చిన కూతురి స్కెచ్‌బుక్‌నూ మా కార్యాలయానికి తెచ్చి చూపించారు. అందులో గీసింది ఒక్క పేజీ. అదీ సగమే. సాలార్‌జంగ్ మ్యూజియంలోని మేలిముసుగు రెబెకా శిల్పం ముందు నిలబడి ఆ పిల్ల నుదుటి మీద ముసుగు మడతలు రెండు, వాటి కింద ఒక కన్ను గీసింది. అక్కడ పెన్సిల్ ఆగిపోయింది. టైమైంది, బస్సెక్కమన్నారట.

మ్యూజియానికి కేటాయించింది ముప్పావుగంట. దాదాపు నలభై గ్యాలరీలున్న చోటు అది. రెబెకా శిల్పాన్ని బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కితే 1876లో నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ రోమ్ నుంచి కొని తెచ్చారు. గట్టి పాలరాయి తడిబట్టలా ముఖానికి అంటుకుని, లోపలి కనురెప్పలు కూడా కనిపించేలా ఎలా మారిందో కళ్లతో చూసి, చేత్తో గీసి తెలుసుకోవడానికి ఆ ఒక్క బొమ్మకే గంట చాలదు. ఆ తర్వాత నాలుగు గంటలు షాపింగ్ మాల్‌లో గడిచాయి. మర్నాడు అమ్యూజ్‌మెంట్ పార్కు. ఇక డిజైన్ అంటారా, ఒక కోచింగ్ సంస్థ హాలులో రెండు గంటల సదస్సు పెట్టారు. ప్రవేశ పరీక్షల ప్యాకేజీలు వివరించి, పిల్లలతో ఫారాలు నింపించి, అమ్మానాన్నల ఫోన్ నంబర్లు రాయించుకున్నారు. బస్సు తిరిగి ఊరు చేరకముందే ఆ తండ్రికి ఫోన్ వచ్చింది.

పిల్లలన్నాక ఆటవిడుపు అక్కర్లేదా, డిజైన్ కోర్సుల గురించి తెలిస్తే తప్పేముంది అని యాజమాన్యాలు అడుగుతాయి. అక్కర్లేదని మేమూ అనం. విహారయాత్ర అని చెప్పి తీసుకెళ్తే, కోచింగ్ సదస్సు ఉందని ముందే రాస్తే ఈ సంపాదకీయం రాసే పనే ఉండేది కాదు. మా అభ్యంతరం పేరు మీదే. కళ అని చెప్పి డబ్బు వసూలు చేసి, కళ దగ్గర పిల్లల్ని నిలబడనివ్వకపోవడం మీదే.

ఆ బస్సు వెళ్లిన దారి చూడండి. జనగామ దాటగానే పెంబర్తి. కాకతీయుల కాలం నుంచి ఇత్తడి, రాగి రేకుల మీద నగిషీ చెక్కుతున్న ఊరు. రేకు కింద లక్క పోసి, ఉలితో ఒక్కో దెబ్బా వేస్తూ బొమ్మ పైకి లేపే పనివాళ్లు రహదారి పక్కనే ఉన్నారు. బస్సు ఆగలేదు. ఇంకొంచెం ముందుకొస్తే ఆలేరు. ఆ పక్కనే శారాజీపేట. చీరకు చిటికి కట్టే ముందు, అంటే రంగుల కోసం నూలుకు ముడులు వేసే ముందు, ఆ నూలును మేకుల చుట్టూ తిప్పి వరసగా అమర్చడానికి, అదే ఆసు పోయడానికి, తల్లి రోజంతా వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించి భుజాల నొప్పితో బాధపడుతుంటే చూడలేక, పెద్ద చదువులు లేని చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి కష్టపడి 1999లో యంత్రం తయారుచేశారు. తల్లి పేరే దానికి పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. డిజైన్ అంటే ఏమిటని పదో తరగతి పిల్ల అడిగితే ఇంతకంటే చక్కని జవాబు హైదరాబాద్‌లో ఏ సదస్సులో దొరుకుతుంది? అక్కడా బస్సు ఆగలేదు. టిఫిన్‌కు మాత్రం భువనగిరి దాటాక ఆగింది.

కళ కోసం పిల్లవాణ్ని పెద్ద నగరానికి తీసుకెళ్లడమంటే ఏమిటో తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర దామెర్ల రామారావు చేతిలో పనితనం గమనించి, దగ్గరుండి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు చేర్చాడు. నిండా 28 ఏళ్లు రాకుండానే 1925లో పోయిన ఆ చిత్రకారుడి పేరు మీద రాజమండ్రిలో ఇవాళ్టికీ ఆర్ట్ గ్యాలరీ ఉంది. దొర సొంత లాభం చూసుకోలేదు. కుర్రాడి చెయ్యి చూశాడు. వందేళ్ల తర్వాత మన బడులు చూస్తున్నది పిల్లల తండ్రుల ఫోన్ నంబర్లను.

ఇది ఒక్క బడి తప్పు అని సరిపెట్టుకోలేం. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి మించి పిల్లలుంటే కళా విద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలని. జాతీయ విద్యావిధానం 2020 ఇంకో అడుగు ముందుకేసి, కళలకూ సైన్సుకూ మధ్య గోడలు వద్దంది. అదే ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా కుమ్మరి, వడ్రంగి, చిత్రకారుడి లాంటి స్థానిక పనివాళ్ల దగ్గర గడపాలంది. కాగితం మీద ఇన్ని ఉన్నాయి. బడికి వెళ్లి చూస్తే టైంటేబుల్‌లో డ్రాయింగ్ అని రాసిన పీరియడ్‌కు లెక్కల సారు వస్తారు. పరీక్షలు దగ్గర పడితే ఆ రాతా ఉండదు. డ్రాయింగ్ మాస్టారు రిటైరైతే ఆ కుర్చీలో మరొకరు కూర్చున్న బడులు ఎన్నున్నాయో విద్యాశాఖ బయటపెట్టాలి. ఏడాదంతా బొమ్మ గీయనివ్వని చోట రెండు రోజుల యాత్రకు కళ పేరు తగిలిస్తే అది పిల్లల ముఖం మీద చెప్పిన అబద్ధమే.

ఈ అబద్ధాన్ని ఇప్పుడు వదిలేస్తే వచ్చే ఏడాది ‘సైన్స్ టూర్’ పేరుతో ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష కోచింగ్ హాలుకూ, ‘హెరిటేజ్ టూర్’ పేరుతో రియల్ ఎస్టేట్ వెంచర్‌కూ పిల్లల్ని తోలుకెళ్తారు. అలా అనడం అతిశయోక్తి కాదు. పేరు ఒకటి పెట్టి పని మరొకటి చేస్తే అడిగేవాడు లేడని ఒకసారి తెలిశాక ఆగే యాజమాన్యం ఉండదు. అనుమతులిచ్చే అధికారులు బస్సు ఫిట్‌నెస్ చూస్తే చాలదు, ఏ పూట ఎక్కడ ఎంతసేపు అన్న కార్యక్రమం అడిగి తీసుకోవాలి, తిరిగొచ్చాక పిల్లల్ని అడగాలి. పిల్లల వివరాలు బయటి సంస్థల చేతికి ఇచ్చిన బడికి నోటీసు ఇవ్వాలి. తల్లిదండ్రులకూ ఒక మాట చెప్పక తప్పదు. ఫీజు కట్టేటప్పుడు సర్క్యులర్ చివరి దాకా చదవండి. మ్యూజియం ముప్పావుగంట, మాల్ నాలుగు గంటలు అని అందులో స్పష్టంగానే అచ్చయింది. వంద మందికి పైగా సంతకం పెట్టారు. అడిగినవాళ్లు లేరు.

ఆ పాఠశాల యాజమాన్యానికి నిజంగా సిగ్గుంటే కట్టించుకున్న డబ్బు వాపసు ఇవ్వాలి. లేదంటే పైసా తీసుకోకుండా ఆ పిల్లల్ని మళ్లీ బస్సెక్కించి పెంబర్తిలో ఒక పూట దింపాలి. ఆ తర్వాత రెబెకా ముందు కూర్చోబెట్టి, ఆ పిల్ల రెండో కన్ను గీసేదాకా పక్కనే నిలబడాలి. మ్యూజియానికి వారంలో శుక్రవారం సెలవు. మిగతా ఆరు రోజుల్లో ఏ రోజు బయల్దేరతారో చెప్పండి.