ఏ3 యాదగిరి

మా గల్లీ మూల మీది కిరాణం సేటు ఉప్పూపప్పులకు పైసలు తీసుకుంటాడు గానీ వార్తలు మాత్రం ఊరికే ఇస్తాడు. ఆ సాయంత్రం నేను స్కూలు నుంచి వస్తుంటే కౌంటర్ మీద నుంచి సగం ఒంగి పిలిచాడు.

"సారూ, పొద్దున పోలీసాయన వచ్చిండు. యాదగిరి సార్ ఇల్లేదని అడిగిండు. చేతిల ట్యాబ్ ఉంది."

"ఎందుకంట?"

"చెప్పలే. మళ్ల వస్తనన్నడు."

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారిని. పోలీసులు నా కోసం వచ్చే అవకాశం ఎంత అని లెక్కేస్తే సున్నా వచ్చింది. మళ్ళీ లెక్కేసినా సున్నానే. మరి ఆయన ఎందుకొచ్చినట్టు?

మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో తెలుగు సార్‌కు చెప్పుకున్నాను. "వారెంటుందని వీడియో కాల్ వస్తే భయపడొద్దు సార్. డిజిటల్ అరెస్ట్ అనేదే చట్టంలో లేదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొడితే సరి" అన్నారు. ప్రాణం లేచొచ్చింది. ఆయన టీ ఊదుకుంటూ, "కానీ మీకు కాల్ రాలే కదా, మనిషే వచ్చిండు" అన్నారు. అక్కడితో ఆగినా బాగుండేది. "ప్రభుత్వ ఉద్యోగి 48 గంటలు దాటి లోపలుంటే సస్పెన్షన్ దానంతటదే అయిపోతది" అని కూడా ధైర్యం చెప్పారు.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్ తీశాను. వారెంట్లన్నీ జాబితాగా పెట్టి మామూలు జనానికి చూపించే చోటు ఎక్కడా లేదని అరగంటలో అర్థమైంది. కోర్టు కేసుల వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లోకి వెళ్ళి ముందు కేసు పట్టుకోవాలి, ఆ కేసు కడుపులో వారెంటుందేమో వెతుక్కోవాలి. రాష్ట్రం ఏదంది, చెప్పాను. జిల్లా ఏదంది, ఇక్కడే చిక్కు. 2016 అక్టోబరులో మా నల్లగొండ మూడు ముక్కలైంది. సూర్యాపేట ఒకటి, యాదాద్రి భువనగిరి ఒకటి, మిగిలిన మేమొకటి. కోర్టుల జిల్లాలు మాత్రం 2022 జూన్ దాకా ఆగి విడిపోయాయి. నా పాత పాపం ఏ ముక్కలోకి పోయి ఉంటుందో!

తర్వాత పేరు. గుట్ట నరసింహస్వామికి మొక్కుకుంటే పుట్టినవాళ్ళంతా మా దగ్గర యాదగిరి, యాదయ్య, యాదమ్మ. మా స్టాఫ్‌లోనే ముగ్గురం యాదగిరులం. ఇంగ్లీషులో రాయబోతే ఒక్కొక్కరిది ఒక్కో స్పెల్లింగు. డి పక్కన ఏ పెట్టేవాళ్ళు కొందరు, పెట్టనివాళ్ళు కొందరు. మూడక్షరాలైనా కొట్టమంది. వై, ఏ, డి కొట్టాను. సంవత్సరం కూడా కొట్టి తీరాలంది. ఏ తప్పు ఏ సంవత్సరంలో చేశానో నాకే తెలియదు కాబట్టి 2010 నుంచి ఒక్కొక్కటే మొదలుపెట్టాను. ప్రతిసారీ క్యాప్చా. అందులోని అక్షరాలు మా ఎనిమిదో తరగతి పిల్లల చేతిరాతలాగా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అది సున్నానా, ఓ అక్షరమా అని కళ్ళద్దాలు తీసి చూశాను, పెట్టుకుని చూశాను.

సగం జిల్లా దిగింది. అటువైపు యాదయ్య, ఇటువైపు యాదగిరి, మధ్యలో గట్టు తగాదా. (పనిలో పనిగా నా దగ్గర 20 వేలు చేబదులు తీసుకున్న మిత్రుడి పేరూ కొట్టి చూశాను. నాకంటే తెలివైనవాళ్ళు నలుగురు అప్పటికే అతని మీద చెక్ బౌన్స్ కేసులు వేసేశారు.)

2018కి వచ్చేసరికి రాత్రి ఒంటి గంటయింది. మేజిస్ట్రేట్ కోర్టులో ఒక సీసీ, అంటే క్రిమినల్ కేసు. పోలీసుల కేసు. నిందితులు అయిదుగురు, మూడోవాడు, అంటే ఏ3, యాదగిరి. చట్టం అన్న చోట గేమింగ్ యాక్ట్ అని ఉంది. కింద వాయిదాల తేదీలు బారుగా ఉన్నాయి. ఒక తేదీ మీద నొక్కితే ఆ రోజు కోర్టులో ఏం జరిగిందో రెండు ముక్కల్లో వచ్చింది: ఏ1, ఏ2 ప్రెజెంట్. ఏ3 కాల్డ్ ఆబ్సెంట్. ఇష్యూ ఎన్‌బీడబ్ల్యూ.

నాన్ బెయిలబుల్ వారెంట్!

కోర్టుకు ఎప్పుడూ పోని మాట నిజం. ఏ3 కూడా పోలేదు. ఇంకో సంగతి, ఆ ఏడాది దీపావళికి మిర్యాలగూడలో మా అక్కావాళ్ళింటి డాబా మీద నేను పేకాడాను. మూడుముక్కలాట, అయిదు రూపాయల పందెం. పోయింది కూడా నాకే.

తెల్లవారేసరికి బ్యాగ్ సర్దుకున్నాను. హెడ్‌మాస్టర్‌కు సీఎల్ మెసేజ్ పెట్టాను. సేటు దగ్గర ఆగి, "పోలీసాయన వస్తే మేము ఊళ్ళో లేమని చెప్పు" అన్నాను. మా ఆవిడ వాకిట్లో చీపురు పట్టుకుని అంతా చూసి ఒక్కటే మాటంది. "మా తమ్ముని పెండ్లికి పోదామంటే సెలవు లేదంటివి."

మిర్యాలగూడలో మా బావ పందొమ్మిదేళ్ళుగా ఒక భూమి కేసు నడుపుతున్నాడు. ఆయనకు పిల్లల పుట్టినరోజులు గుర్తుండవు గానీ, ఆ కేసు సీఎన్ఆర్ నంబరు పదహారక్షరాలూ నిద్రలో లేపినా చెప్తాడు. పంతులు జాతకం చూసినట్టు కోర్టు రికార్డు చూస్తాడు. నా కథ మొత్తం విన్నాడు.

"పేరు కొట్టి వెతికినవా బామ్మర్దీ? నల్లగొండ జిల్లాల? యాదగిరి అని?"

"అవును బావా."

"ఇగ దొరకక ఏమైతది!"

పరువు పోయింది. అయినా, "పాత కేసు కదా, వారెంటు గడువు అయిపోయుంటదా?" అని అడిగాను.

"వారెంటేమన్నా పాల ప్యాకెటా? దానికి డేట్ ఉండదు. మనిషిని పట్టుకొచ్చేదాకనో, కోర్టు రద్దు చేసేదాకనో నడుస్తనే ఉంటది. నిజంగ నీదే అయితే వకీలును ఎంటబెట్టుకొని జడ్జి ముందట నిలబడాలె, రీకాల్ పిటిషన్ వేసుకోవాలె. గంతేగానీ మా ఇంట్ల దాసుకుంటే పోతదా?" అంటూ ఫోన్ లాక్కున్నాడు. చట్టం పేరు కనపడగానే ఆయన మొహం కూడా కొంచెం మారింది. ఆ దీపావళికి ముక్కలు పంచింది ఆయనే. వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఎఫ్‌ఐఆర్ చూద్దాం."

కేసు పేజీలోనే స్టేషను, ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం ఉన్నాయి. రాత్రి నా కళ్ళు ఎన్‌బీడబ్ల్యూ దగ్గరే ఆగిపోయాయి. ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. ఆడవాళ్ళ మీద అత్యాచారాల్లాంటి సున్నితమైనవి పెట్టరు. పేకాటలో సున్నితం ఏముంది, పెట్టేశారు. బావ పెద్దగా చదివాడు. ఊరి బయట మామిడితోట. రాత్రి పదిన్నర. ఏ3 యాదగిరి, వయసు 26, వృత్తి డ్రైవర్. తండ్రి పేరు వేరు, ఊరు వేరు.

"నీకు 26 ఏండ్లా? నీకు స్కూటర్ బ్యాలెన్సే సక్కగ రాదు, నిన్ను డ్రైవరని ఎవడు రాస్తడు?"

సంతోషంతో ఆ ఎఫ్‌ఐఆర్‌ను నాలుగుసార్లు చదువుకున్నాను. నేను కానివాడి ఊరూ పేరూ తండ్రీ అన్నీ కంఠతా వచ్చేశాయి. అక్క పెట్టిన చేపల పులుసు అప్పుడు రుచి తెలిసింది.

బావ చేయి కడుక్కుంటూ అడిగాడు. "మరి పోలీసాయన ఎందుకొచ్చినట్టు? ట్యాబ్ తెచ్చిండంటివి. మీ ఇంట్ల ఎవరన్నా పాస్‌పోర్టుకు పెట్టిండ్రా?"

హైదరాబాద్‌లో ఉన్న మావాడికి ఫోన్ చేశాను. "ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన కద నాన్నా, వెరిఫికేషన్‌కు వస్తరని" అన్నాడు. గుడ్ మార్నింగ్ పువ్వుల బాధ పడలేక ఆ గ్రూపును మ్యూట్‌లో పెట్టి రెండేళ్ళయింది.

ఆదివారం మావాడు వచ్చాడు. పోలీసాయనా వచ్చాడు. నెమ్మదస్తుడు, ముందు గదిలో కూర్చుని కాగితాలు చూశాడు, మావాడి ఫొటో ట్యాబ్‌లో తీసుకున్నాడు. "మొన్న వస్తే మీరు ఊళ్ళో లేరన్నరు సార్" అన్నాడు. నేను నవ్వాను. అవసరం కంటే ఎక్కువే నవ్వాననుకుంటా.

టీ గ్లాసు అందిస్తుంటే, ఆయన ట్యాబ్‌లోంచి తలెత్తకుండానే మావాడిని అడిగాడు. "మీ మీద కేసులేమన్నా ఉన్నయా?"

వాడు లేవని తలూపాడు. అక్కడితో అయిపోయేది.

"2018ది ఒక సీసీ ఉంది గానీ, అందులో ఏ3 నేను కాదు" అన్నాను.

ఆయన తలెత్తాడు. మావాడు నా వైపు చూశాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"ఏ స్టేషన్ సార్?"

చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు. "నేను ఇంతకుముందు ఆ స్టేషన్లనే చేసిన. మామిడితోట కేసేనా? యాదగిరి? ఆ వారెంటు పట్టుకొని నేను తిరగని ఊరు లేదు సార్."

"వాడిది డ్రైవర్ పని. అప్పుడు 26 ఏళ్ళు" అన్నాను సాయం చేద్దామని. తండ్రి పేరు చెప్పాను. ఇంటి నంబరుతో సహా ఊరు చెప్పాను.

ఆయన ట్యాబ్ పక్కన పెట్టి, జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీశాడు.

"ఇవన్నీ మీకెట్ల తెల్సు సార్?"