వడ్రంగి పిట్ట స్టాకు రిజిస్టరు

సరుకు నిల్వ చేయడం గురించి గుంటూరు వాళ్లకు ఒకరు నేర్పవలసిందేమీ లేదని ఇన్నాళ్లూ నమ్మినవాణ్ణి, ఒక కాలిఫోర్నియా పిట్ట వల్ల ఆ నమ్మకాన్ని సడలించుకోవలసి వచ్చింది.

అక్కడి కార్మెల్ లోయలోని హేస్టింగ్స్ పరిశోధనా కేంద్రంలో 1968 నుంచి ఒక జాతి వడ్రంగి పిట్టల కాపురాలను గమనిస్తూనే ఉన్నారు. కాళ్లకు రంగురంగుల కడియాలు తొడిగి, ఏది ఎవరి పిల్లో, ఎవరికి మేనత్తో రాసుకుంటారు. చెట్టెక్కి తొర్రలోకి తొంగిచూసి గుడ్లు లెక్కపెడతారు. ఒకే గూట్లో రెండు ఆడపిట్టలు గుడ్లు పెట్టవలసి వస్తే, ముందు పెట్టినదాని గుడ్డును రెండోది బయటికి లాగేస్తుందనీ, దాన్ని తినేటప్పుడు ఒక్కోసారి పెట్టిన తల్లి కూడా పంక్తిలో కూర్చుంటుందనీ తేల్చారు. ఉమ్మడి కుటుంబాల సంగతి మనకు కొత్త కాదు గాని, రాతమూలకంగా ఉండటం ఎప్పటికైనా మంచిదే.

అసలు విశేషం గిడ్డంగిది. ఈ పిట్టలు మానుకు చిల్లులు తొలిచి, చిల్లుకొక్క ఓక్ కాయ చొప్పున దిగ్గొడతాయి. తరతరాలుగా తొలిచిన పెద్ద మానుకైతే 50,000 దాకా చిల్లులుంటాయి. కాయ ఎండేకొద్దీ కుంచించుకుపోయి వదులవుతుంది, వదులైతే దొంగలకు సులువు. అందుకని పిట్ట దాన్ని పీకి, సరిపోయే చిన్న చిల్లు వెతికి, మళ్లీ బిగిస్తుంది. మన దగ్గర ఇంత శ్రమ లేదు. ఎండి తగ్గినదాన్ని తరుగు అంటారు, అది రైతు లెక్కలో పడుతుంది.

మా వీధి కొబ్బరిచెట్టు మీద కూడా బంగారు వీపు, ఎర్ర జుట్టు ఉన్న వడ్రంగి పిట్ట ఒకటుంది. పుస్తకం, పెన్ను పట్టుకుని మూడు ఉదయాలు కాపు కాశాను. అది బెరడు సందుల్లో చీమలను ఏరుకుని అప్పటికప్పుడే తినేస్తుంది. రేపటికంటూ ఒక్క చీమనూ దాచదు. మిర్చి యార్డు ఉన్న ఊళ్లో ఉంటూ ఇదేం తీరని బాధపడ్డాను గాని, నిరుడు మా బావమరిది ఏసీలో, అంటే కోల్డ్ స్టోరేజీలో, పెట్టిన మిర్చి సరుకు గుర్తొచ్చి ఊరుకున్నాను. పెట్టినవి అరవై టిక్కీలు, అనగా బస్తాలు, తీయబోతే యాభై ఎనిమిది. మిగిలిన రెండూ ఏవని అడిగితే, గుమస్తా రిజిస్టరు ముందుకు తిప్పి, వెనక్కి తిప్పి, "తరుగు అండీ" అన్నాడు.

ఈసారి టిక్కీ టిక్కీకీ రంగు కడియం వేయాలని నేను సవినయంగా ప్రతిపాదించాను. గుమస్తా శ్రద్ధగా విని, కడియానికి ఇంత అని అద్దెలో కలపమంటారా అని అడిగాడు. మా బావమరిది నా వైపు చూశాడు.