గోడనిండా కార్టూన్లు వేయిస్తే పిల్లలు ఏడవరా?

ప్లేస్కూలు పెట్టేవాళ్ల మధ్య వాట్సాప్‌లో ఒక సలహా తిరుగుతోంది: "నాలుగు గోడలకూ ముదురు రంగులు, కార్టూన్లు వేయించండి. బొమ్మలన్నీ ఎదురుగా పెట్టండి. హాలు ఖాళీగా వదలండి. పిల్లలు ఏడవరు." తిరుపతిలోనో చిత్తూరులోనో ఇల్లు అద్దెకు తీసుకుని పెయింటరును పిలిచేవాళ్లు కాస్త ఆగండి.

ముందు ఏడుపు సంగతి. మూడేళ్ల పిల్ల ఏడ్చేది అమ్మ గుమ్మం దాటి వెళ్లిపోతోందని. గోడమీది ఏనుగు దాన్ని ఆపలేదు. గుమ్మం పక్కనే, నేలకు 75-80 సెంటీమీటర్ల ఎత్తున, ఒక్కొక్కరికీ ఒక కొక్కెం, దానిపైన ఇంటివాళ్లతో దిగిన ఫోటో పెట్టండి. సంచి తగిలించడమనే పని చేతికి దొరుకుతుంది, తనకంటూ ఒక చోటు ఏర్పడుతుంది. చిత్తూరు వైపు ఇంట్లో తమిళమో ఉర్దూనో మాట్లాడే పిల్లలూ వస్తారు కాబట్టి పేరు రాసిన చీటీకన్నా ఫోటోనే మేలు.

ఇక రంగులు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగంలో కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని పాఠాలు అలంకరణ కిక్కిరిసిన గదిలో, కొన్ని బోసిగోడల గదిలో చెప్పారు. అలంకరణ ఎక్కువైన చోట చూపు గోడలమీదికి పోయింది, నేర్చుకున్నదీ తగ్గింది. అలాగని బోసిగోడలే ఉంచక్కర్లేదు. మూడు గోడలకు లేత మీగడ రంగు వేసి, నాలుగోది పిల్లలు గీసినవాటికి వదలండి, అదీ వాళ్ల కంటి ఎత్తులో. అయిదడుగుల పైన అంటించిన చార్టు టీచరమ్మకే కనిపిస్తుంది! మరీ కళ కావాలంటే శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ఒక్కటి చాలు.

బొమ్మలన్నీ ఎదురుగా ఉంటే ఆడరు, కుమ్మరిస్తారు. ట్రేకి ఒకటి చొప్పున ఎనిమిదో పదో బయట ఉంచి, మిగతావి పెట్టెలో దాచి రెండు వారాలకోసారి మార్చండి. మూడేళ్లలోపు వాళ్లుంటే 3.2 సెంటీమీటర్లకన్నా చిన్నవేవీ, చింతగింజలతో సహా, అందకూడదు.

ఖాళీ హాలు పరుగుపందేల మైదానమవుతుంది. 60-70 సెంటీమీటర్ల ఎత్తున్న అరలను గోడకు అడ్డంగా నిలబెట్టి మూలలు చేయండి. పిల్లకు అది చిన్న గది, నిలబడ్డ టీచరుకు అంతా కనబడుతుంది. అర ఒక చివరను ఎల్-క్లాంపుతో (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ) గోడకు బిగించాలి, లేకుంటే ఎక్కి మీద పడేసుకుంటారు. పుస్తకాల మూలకు దూరంగా పేర్చి ఆడే దిమ్మెల మూల, దాని కింద జంపఖానా: రేకుల కప్పున్న గదిలో దిమ్మెలు పడే చప్పుడు భరించడం కష్టం. బాత్రూముకు పోయే దారి మాత్రం ఈ దిమ్మెల మూలలోంచి వెళ్లకూడదు, కట్టిన గోపురం కూలిందంటే ఆ పూట తగవే.