కొమొడోను కాపాడేది రుసుము కాదు, పరిమితి

ఇండొనేసియాలో సుంబావా, ఫ్లోరెస్ దీవుల నడుమనున్న కొమొడో, రించా, పాదార్ దీవులను, వాటి చుట్టూ ఉన్న చిన్న దీవులను, సముద్రాన్ని కలిపి 1980లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. 1991లో యునెస్కో దీనికి ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది. మూడు మీటర్ల వరకు పెరిగే కొమొడో డ్రాగన్ అనే భారీ ఉడుము ఈ దీవులలోనూ, పొరుగునున్న ఫ్లోరెస్‌లోనూ తప్ప మరెక్కడా సహజంగా బతకదు. సముద్రమట్టం పెరిగితే దాని ఆవాసం రాబోయే 45 ఏళ్లలో కనీసం 30 శాతం కుంచించుకుపోవచ్చన్న అంచనాతో, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి 2021లో దాన్ని అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలోకి మార్చింది.

ఇంత పెళుసైన చోటికి పర్యాటకులను ఎలా రానివ్వాలన్న విషయంలో ప్రభుత్వ విధానం నిలకడగా సాగలేదు. కొమొడో దీవిని ఏడాదిపాటు మూసివేస్తామని ప్రాంతీయ ప్రభుత్వం చేసిన ప్రకటనను జకార్తాలోని కేంద్ర ప్రభుత్వం 2019లో పక్కన పెట్టింది. 2022లో ప్రవేశ రుసుమును ఏకంగా 37.5 లక్షల రూపియాలకు పెంచబోగా, పర్యాటకమే జీవనాధారమైన లబువాన్ బాజో రేవు పట్టణంలో పడవలవారు, గైడ్లు సమ్మెకు దిగారు. పెంపు వాయిదా పడి, ఆ ఏడాది చివర్లో రద్దయింది. మరోవైపు రించాలో పర్యాటక నిర్మాణాలు సాగాయి. అక్కడ సరుకుల లారీకి ఎదురుగా ఒక డ్రాగన్ నిలబడిన ఛాయాచిత్రం 2020లో ఎందరినో కలచివేసింది.

ధర పెంచి జనాన్ని తగ్గించాలన్న ఆలోచనను మేము సమర్థించలేము. అది సంపన్నులకే దారి తెరుస్తుంది. వచ్చినవారు ఏ బాటన నడిచారో, ఎన్ని పడవలు ఒకే పగడపు దిబ్బపై లంగరు వేశాయో దానికి పట్టదు. డ్రాగన్‌కు ఆహారమైన జింకలు తగ్గినా, దాని గూళ్ల దగ్గర అలికిడి పెరిగినా నష్టపోయేది డ్రాగనే. అందుకే ఒక్కో దీవి రోజుకు ఎందరిని భరించగలదో శాస్త్రజ్ఞులు ముందు తేల్చాలి, రుసుము ఆ తర్వాతి మాట. కొస చీలిన కర్రతో సందర్శకుల ముందు నడిచే రేంజర్ల సంఖ్యను, జీతాలను పెంచాలి. వారిలో చాలామంది స్థానికులే.

డ్రాగన్‌ను తమ తోబుట్టువుగా చెప్పుకునే కొమొడో గ్రామస్థులను పరిరక్షణ పేరిట దీవి నుంచి తరలించాలన్న ప్రతిపాదన 2019లో వినిపించింది. అది మళ్లీ తలెత్తకూడదు. పరిమితిని నిర్ణయించే బల్ల దగ్గర వారికీ, లబువాన్ బాజో పడవలవారికీ చోటుంటేనే ఆ నిర్ణయం సమ్మెతో కూలిపోకుండా అమలవుతుంది.