సుల్తాన్ బజారు అంటే రెసిడెన్సీ ఒక్కటే కాదు

ఈ ఉదయం కోఠీలో పాత కట్టడాలను చూపించే ఒక నడకకు వెళ్లి వచ్చాను. ఇంటికి వచ్చి చాలాసేపయినా కోపం చల్లారక ఇది రాస్తున్నాను. నిజాం దగ్గర బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంటు) నివాసమైన రెసిడెన్సీ మెట్ల దగ్గర సింహాల ముందు మమ్మల్ని నిలబెట్టి, ఆ రెసిడెంట్లలో ఒకడైన కిర్క్‌పాట్రిక్, అతని హైదరాబాదీ భార్య ఖైరున్నీసాల ప్రేమకథను తీరిగ్గా చెప్పిన గైడు, సుల్తాన్ బజారులోకి రాగానే "ఇక్కడ చీరలు చవక" అని ముగించేశాడు. శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం గురించి అడిగితే, "అది మామూలు లైబ్రరీ సార్" అన్నాడు.

రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో 1901లో మొదలై, కొమర్రాజు లక్ష్మణరావు గారు, మునగాల రాజా గారు వెన్నుదన్నుగా నిలిచిన సంస్థను మామూలు లైబ్రరీ అనడానికి నోరెలా వచ్చింది? ఈ బజార్లు 1933 దాకా బ్రిటిష్ వాళ్ల ఏలుబడిలో ఉండడంతో నిజాం ఆంక్షలు ఇక్కడ అంతగా సాగేవి కావు. సభ పెట్టాలన్నా, సంఘం కట్టాలన్నా మనవాళ్లు ఈ చుట్టుపక్కలకే చేరేవారు. ఇక్కడికి దగ్గరలోనే, వివేకవర్ధిని విద్యాసంస్థలో 1921 నవంబరులో జరిగిన సభలో ఆలంపల్లి వెంకట రామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు కడుపు మండే ఘట్టమది. ఆ అవమానం భరించలేక కొద్దిమంది ఆ రాత్రే కూడి తెలుగువాళ్ల సంఘమైన ఆంధ్ర జన సంఘానికి పునాది వేశారు. 1857 జులై 17న ఆ రెసిడెన్సీ మీదికే దండెత్తిన తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల పేర్లు కూడా మాకు వినిపించలేదు.

అయినా గైడును ఒక్కడినే అని ఏం లాభం? ఈ ఇరుకు బజారు మీదుగా మెట్రో వేస్తామన్నప్పుడు వ్యాపారులు దుకాణాలు మూసి మొత్తుకుంటే, "పోతే పోయింది, పార్కింగే లేని చోటు" అని చదువుకున్న మిత్రులే నాతో అన్నారు. చీర కొంగును వెలుతురులోకి పట్టుకుని, ఒకేలా కనిపించే ఆకుపచ్చ ఫాల్స్ వరసగా పరిచి, రంగు సరిగ్గా కలిసేదాకా కొనమని అనని ఓపికమంతులైన దుకాణదారులు ఇప్పటికీ అక్కడ బేరం చేస్తున్నారు. ఆ పనితనం ఏ మాల్‌లో దొరుకుతుంది?

నిర్వాహకులకు ఈ రాత్రే ఉత్తరం రాస్తున్నాను: ప్రేమకథను సగానికి తగ్గించి, వచ్చేవారిని భాషా నిలయం లోపలికి తీసుకువెళ్లి, అక్కడి పాత పత్రికలను చూపించాలి.