ఓడే టీమ్ దగ్గర దండిగా ఉండేవి ఇన్నింగ్సే, వాటితోనే పిచర్లని సంపాదించాలి

అమెరికా బేస్‌బాల్ టీమ్ చికాగో వైట్ సాక్స్ 2023లో 101 మ్యాచ్‌లు ఓడింది, 2024లో 121 ఓడింది, 1900 తర్వాత ఒకే సీజన్లో అన్ని ఓడిన టీమ్ ఇంకోటి లేదు, 2025లో మళ్లీ 102. ఇన్నేళ్లు టికెట్లు కొని చూస్తున్న సౌత్ సైడ్ (ఈ టీమ్ ఉండే ఊరి దక్షిణ భాగం) అభిమానులు ఒక మంచి ఏస్‌ని, అంటే అందరికన్నా మేటి పిచర్ని (బంతి వేసేవాణ్ణి) కొనొచ్చు కదా అని అడిగితే తప్పేమీ లేదు. కానీ ఇప్పుడు ఏస్‌ని కొనడం డబ్బు దండగని మేం గట్టిగా అనుకుంటున్నాం.

ఎందుకంటే ఫ్రీ ఏజెంట్‌గా (పాత కాంట్రాక్ట్ అయిపోయి ఏ టీమ్‌లోనైనా చేరగలిగేవాడిగా) దొరికే పెద్ద పిచర్లు చాలామంది అప్పటికే ముప్పై దగ్గర్లో ఉంటారు, టీమ్ గెలవడం మొదలుపెట్టేసరికి ఆ చెయ్యిలో పస తగ్గిపోతుంది. పైగా సీజన్ మొత్తం 162 మ్యాచ్‌లు, అంటే మ్యాచ్‌కి తొమ్మిది చొప్పున దగ్గర దగ్గర 1,450 ఇన్నింగ్స్, ఎంత గొప్ప స్టార్టరైనా (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్) అందులో వేసేది ఓ 200, మిగతా పన్నెండు వందల పైచిలుకు ఎవరో ఒకరు వెయ్యాల్సిందే. ప్లేఆఫ్స్ కోసం కొట్టుకునే టీమ్ వాటిని కొత్త కుర్రాడి చేతికి ఇవ్వలేదు, రెండు మ్యాచ్‌లు పోతే సీజనే పోతుంది. ఓడే టీమ్‌కి ఆ భయం లేదు, దాని దగ్గరున్న అసలు పెట్టుబడి అదే.

వైట్ సాక్స్ పిచర్ గారెట్ క్రోషేనే చూడండి. 2020 డ్రాఫ్ట్‌లో (టీములు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట) 11వ పిక్, బుల్‌పెన్లో (మ్యాచ్ మధ్యలో దిగే పిచర్లలో) వాడారు, 2022లో టామీ జాన్ సర్జరీ (మోచేతి లిగమెంట్‌కి చేసేది) అయింది, 2024 వరకు మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా స్టార్ట్ చెయ్యలేదు. అలాంటివాణ్ణి ఓపెనింగ్ డే రోజున స్టార్టర్‌గా దింపడం గెలిచే టీమ్ ఏదైనా చేస్తుందా? ఆ 121 ఓటముల సీజన్లోనే అతను 32 స్టార్ట్స్ చేసి 209 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్స్‌తో బ్యాటర్ని అవుట్ చెయ్యడం) తీశాడు. డిసెంబర్లో బోస్టన్‌కి ఇచ్చేసి నలుగురు కుర్రాళ్లని తెచ్చుకున్నారు, అందులో ముగ్గురు బ్యాటర్లే, కైల్ టీల్, చేజ్ మైడ్రాత్ అయితే తర్వాతి ఏడాదికే లైనప్‌లో ఉన్నారు. బోస్టన్లో క్రోషే ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఓటింగ్‌లో రెండో స్థానం దాకా వెళ్లాడు, అది చూసి మనసు చివుక్కుమనడం సహజమే గానీ ఆ ట్రేడ్ సరైనదే అని ఇప్పటికీ అంటాం.

అదే నెలలో ఇంకో పని చేశారు, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. రూల్ 5 డ్రాఫ్ట్‌లో (వేరే టీముల మైనర్ లీగ్ ఆటగాళ్లని తీసుకునేది) మొదటి పిక్‌తో మిల్వాకీ దగ్గర్నుంచి పిచర్ షేన్ స్మిత్‌ని తీసుకున్నారు. ఖర్చు లక్ష డాలర్లు. షరతు ఏంటంటే సీజనంతా మేజర్ లీగ్ రోస్టర్లోనే ఉంచుకోవాలి, లేకపోతే పాత టీమ్‌కి తిరిగి ఇవ్వజూపాలి, అందుకే బలమైన టీములు ఇలాంటి పిక్స్‌కి వెనకాడతాయి. కాలేజీ అయ్యాక డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని ఆ స్మిత్ 2025లో 3.81 ఈఆర్ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు, తక్కువైతే మేలు) వేసి ఆల్‌స్టార్ అయ్యాడు.

అదే ఊళ్లో నార్త్ సైడ్ కబ్స్ ఇదే దారిలో నడిచింది. 2012లో 101 ఓడిన ఆ టీమ్ తర్వాతి ఏడాదికి పిచర్ స్కాట్ ఫెల్డ్‌మన్‌ని ఒక్క ఏడాది కాంట్రాక్ట్ మీద తెచ్చి, మూడు నెలలు ఇన్నింగ్స్ ఇచ్చి, జులైలో బాల్టిమోర్‌తో ట్రేడ్ చేసింది, బదులుగా వచ్చినవాళ్లలో ఒకడు అప్పటికి ఏడు దాటిన ఈఆర్ఏతో ఉన్న జేక్ అరియెటా. 2015లో అతనికి సై యంగ్, 2016లో టీమ్‌కి వరల్డ్ సిరీస్ టైటిల్.

డ్రాఫ్ట్‌లో పైన పిచర్ని తీసుకుంటే చాలు అనేవాళ్లు హ్యూస్టన్ ఆస్ట్రోస్ టీమ్ కథ గుర్తు చేసుకోవాలి. 2013లో నంబర్ వన్ పిక్‌తో మార్క్ అపెల్‌ని తీసుకున్నారు, అతను ఆస్ట్రోస్‌కి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, ఆ వెంటనే రెండో పిక్‌లో కబ్స్ తీసుకున్నది తర్వాత స్టార్ బ్యాటర్ అయిన క్రిస్ బ్రయంట్‌ని. 2014 నంబర్ వన్ బ్రేడీ ఏకెన్, మోచేతి విషయంలో తేడా వచ్చి సంతకమే చెయ్యలేదు. మరి ఆ టీమ్‌ని 2015లో ప్లేఆఫ్స్‌కి మోసింది ఎవరంటే ఏడో రౌండ్‌లో తీసుకున్న డాలస్ కైకల్, 111 మ్యాచ్‌లు ఓడిన 2013లో అయిదు దాటిన ఈఆర్ఏతో ఉన్నా 150 ఇన్నింగ్స్ పైగా వెయ్యనిచ్చారు, రెండేళ్లకి సై యంగ్ తెచ్చాడు. ఆ రెండేళ్ల ఓపిక లేకపోతే కైకల్ లేడు.

ఇన్నింగ్స్ ఇవ్వడమంటే కుర్రాళ్ల చేతులు అరగదీయడం కాదు, ఇది మాత్రం మళ్లీ మళ్లీ చెప్తాం. పిచర్ డిలన్ సీజ్‌ని ఇచ్చి వైట్ సాక్స్ తెచ్చుకున్న డ్రూ థార్ప్ కొద్ది స్టార్ట్స్ వేశాడో లేదో మోచేతికి సర్జరీ అయింది. పిచర్ల చేతులు విరుగుతాయి, అందుకే అయిదుగురు కావాలంటే పన్నెండు మందిని పోగేసుకోవాలి, 2024 సెకండాఫ్‌లో క్రోషేకి ఇన్నింగ్స్ తగ్గించినట్టే కుర్ర పిచర్లు నోవా షుల్ట్జ్, హేగన్ స్మిత్‌లకి కూడా లెక్క పెట్టి ఇవ్వాలి, ఓటములు పెరిగాయని ఆ లెక్క మార్చకూడదు.

రీబిల్డింగ్ (టీమ్‌ని మళ్లీ మొదట్నుంచి కట్టడం) పేరు చెప్పి యాజమాన్యం జేబులు కుట్టేసుకుంటే మాత్రం మేం ఒప్పుకోం. ఏస్ మీద మిగిల్చిన డబ్బు పిచింగ్ కోచ్‌లకి, డాక్టర్లకి, మైనర్ లీగ్ కుర్రాళ్ల తిండికీ బసకీ వెళ్లాలి. ప్రతి ఏడాదీ ఫెల్డ్‌మన్ లాంటి ఇద్దరు సీనియర్లని ఏడాది కాంట్రాక్ట్ మీద తేవాలి, జులైలో వాళ్లని ఇచ్చేటప్పుడు అవతలి టీమ్ నమ్మకం వదులుకున్న పిచర్నే అడగాలి.