పింఛను ఆపే ముందు ఒక మాట అడగండి

నెల ఒకటో తారీఖు పొద్దున్నే గ్రామ సచివాలయం ఉద్యోగి గుమ్మం దగ్గర నిలబడి పింఛను తీసుకోమని పిలవడం ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎవరికీ వింత కాదు. ఒకటో తారీఖు ఆదివారం పడితే ముందురోజే ఇచ్చేస్తున్నారు. వేలిముద్ర పడితే సరే, పడకపోతే కనుపాప, అదీ కుదరకపోతే ముఖం ఫొటో. మొత్తం రెండు మూడు నిమిషాల పని. అరవై లక్షల మందికి పైగా మనుషులకు, నెలకు దాదాపు 2,700 కోట్ల రూపాయలు, అందులో సింహభాగం ఒక్కరోజులోనే చేరిపోతోంది. దేశంలో ఇంత పెద్ద ఎత్తున ఇంటి దగ్గరికే డబ్బు తెచ్చి ఇచ్చే ఏర్పాటు అరుదు. మెచ్చుకోవాల్సిన విషయమే, మెచ్చుకుంటున్నాం.

ఆ పిలుపు వినపడని ఇళ్లవాళ్లను చూడాలంటే మాత్రం మూడో తారీఖున వెళ్లాలి. ఏ ఊరి సచివాలయం మెట్ల మీదైనా ఒకరిద్దరు కూర్చుని ఉంటారు. చేతిలో బట్టల షాపువాడిచ్చిన ప్లాస్టిక్ కవరు. అందులో మడతల దగ్గర చిరిగిపోతున్న ఆధార్ జిరాక్సు, రైస్ కార్డు, కరెంటు బిల్లు, వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్, ఎందుకైనా మంచిదని నాలుగు పాస్‌పోర్టు ఫొటోలు. లోపల జరిగే సంభాషణ ఎక్కడైనా ఒకటే. "లిస్టులో నీ పేరు రాలేదమ్మా." "ఎందుకు రాలేదు బాబూ?" "ఇన్‌ఎలిజిబుల్ అని చూపిస్తోంది." "ఎవరు చేశారలా?" "మా చేతుల్లో లేదు, పైనుంచే వచ్చింది."

ఆ 'పైన' ఎవరున్నారో ఆమెకు తెలియదు. నిజానికి ఆ మాట చెబుతున్న వెల్ఫేర్ అసిస్టెంటుకూ తెలియదు. మా అభ్యంతరం అంతా ఇక్కడే. పింఛను ఇవ్వడానికి ఇంటికి వచ్చే ప్రభుత్వం, ఆపేటప్పుడు మాత్రం ఎందుకు కనపడకుండా పోతోంది?

2024 జులై నుంచి వృద్ధులకు, వితంతువులకు నెలకు 4 వేలు, దివ్యాంగులకు 6 వేలు, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15 వేల రూపాయలు అందుతున్నాయి. కేంద్రం వాటా ఏపాటిదో కూడా చెప్పుకోవాలి. జాతీయ సామాజిక సహాయ పథకం కింద ఎనభై ఏళ్లలోపు వృద్ధుడికి ఢిల్లీ ఇచ్చేది నెలకు 200 రూపాయలు. పదిహేనేళ్లు దాటినా ఆ అంకె కదల్లేదు. ఇవాళ రెండు వందలకు బీపీ మాత్రలు కూడా నెలంతటికీ సరిపోవు. భారం దాదాపు మొత్తం రాష్ట్రాల మీదే పడుతోంది కాబట్టి, అనర్హులను ఏరివేయాలన్న తొందర రాష్ట్రాలకు ఉండటం సహజమే. కాకపోతే 4 వేలు అయ్యాక పింఛను విలువ మారిపోయింది. పింఛను రెండు వందలే ఉన్న కాలంలో అది ఆకు, వక్క, టీ ఖర్చు. ఇప్పుడు బియ్యం తప్ప మిగతా ఇంటి ఖర్చంతా దాని మీదే నడుస్తున్న ముసలి జంటలున్నారు. మందుల షాపువాడు ఒకటో తారీఖు చూసుకునే అప్పు పెడుతున్నాడు. ఒక నెల ఆగితే ఆ అప్పు పుట్టదు.

అర్హత తేల్చేదాన్ని ఊళ్లో అందరూ 'సిక్స్ స్టెప్' అంటారు. కుటుంబానికి పల్లెలో నెలకు 10 వేలు, పట్టణంలో 12 వేల రూపాయలకు మించి ఆదాయం ఉండకూడదు. భూమి మూడెకరాల మాగాణి లేదా పదెకరాల మెట్ట దాటకూడదు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి గానీ ఆదాయపు పన్ను కట్టేవాడు గానీ ఉండకూడదు. నాలుగు చక్రాల వాహనం ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్లకు మినహాయింపు. కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు. పట్టణంలో పెద్ద సొంతిల్లు ఉండకూడదు. కాగితం మీద చదివితే ఇందులో తప్పుపట్టాల్సింది పెద్దగా లేదు. ఉన్నవాడికి వద్దు, లేనివాడికే ఇవ్వాలన్నదే కదా.

చిక్కు 'కుటుంబం' అన్న మాట దగ్గర వస్తుంది. కంప్యూటర్ దృష్టిలో కుటుంబం అంటే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్. ఎప్పుడో వాలంటీర్ ట్యాబ్ పట్టుకుని వచ్చి వివరాలు ఎక్కించిన నాడు ఆ ఇంట్లో ఎవరెవరున్నారో వాళ్లే నేటికీ కుటుంబం. ఆ తర్వాత కొడుక్కి పెళ్లయి ఉండొచ్చు, హైదరాబాద్‌లో కాపురం పెట్టి ఉండొచ్చు, తల్లికి ఫోన్ చేయడం కూడా మానేసి ఉండొచ్చు. మ్యాపింగ్‌లో మాత్రం వాడు ఇంకా ఆమె పక్కనే కూర్చుని అన్నం తింటున్నాడు. వాడు కారు కొంటే ఆ కారు ఆమెది. వాడికి ఉద్యోగం వస్తే జీతం ఆమెది. బ్యాంకు లోను కోసం పన్ను పడకపోయినా రిటర్ను దాఖలు చేసిన కుర్రాళ్ల ఇళ్లలో పెద్దవాళ్ల పింఛన్లు పోయాయన్న ఫిర్యాదులూ ఉన్నాయి. "స్ప్లిట్ చేయించుకో అమ్మా" అని, అంటే మ్యాపింగ్‌లోంచి కొడుకును వేరు చేయించుకోమని సలహా ఇస్తారు. ఆ స్ప్లిట్ ఆప్షన్ పోర్టల్‌లో ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో సచివాలయం వాళ్లకే ముందుగా తెలియదు. పోనీ తెరిచినప్పుడు కొడుకు వచ్చి వేలిముద్ర వేయాలి. కన్నతల్లిని వదిలేసిన కొడుకు ఆమె పింఛను కోసం సెలవు పెట్టుకుని, బస్సెక్కి వస్తాడా?

కరెంటు మీటరుది ఇంకో కథ. రెండు వాటాలున్న ఇంట్లో రెండు మీటర్లూ ఒకే పేరు మీద, ఒకే ఆధార్‌కు ముడిపడి ఉంటాయి. అద్దెకున్నవాళ్ల ఏసీ వాడకం కూడా ముందు గదిలో ఫ్యాను కింద పడుకునే ముసలాయన ఖాతాలో పడుతుంది. అమ్మేసిన కారు ఆర్సీ మార్చుకోకపోతే, కొన్నవాడు దాన్ని తిప్పుతున్నన్నాళ్లూ అమ్మినవాడే యజమాని. వయసు సంగతికొస్తే, ఏ ఊళ్లోనైనా ముసలివాళ్ల ఆధార్ కార్డులు తిరగేయండి. సగం మంది జనవరి ఒకటిన పుట్టినవాళ్లే! పుట్టినరోజు తెలియని మనిషికి ఆధార్ తీసినవాడు మొహం చూసి ఒక ఏడాది వేసి, ముందు 01-01 తగిలించాడు. ఆ రోజు వాడి అంచనా నాలుగేళ్లు తప్పితే ఇవాళ ఆ మనిషి అరవై నాలుగేళ్లు వచ్చేదాకా పింఛనుకు కావాల్సిన అరవై కోసం ఎదురుచూడాలి. పోనీ దిద్దించుకుందామంటే పుట్టిన తేదీకి రుజువు తెమ్మంటారు. పొలం గట్టున పుట్టినవాళ్లు ఎక్కడినుంచి తెస్తారు? పింఛను కోసం వయసు పెంచుకున్న ఘనులు కూడా ఉన్నారు, కాదనడం లేదు. వాళ్లను పట్టుకోవడానికి వేసిన వలలో ముందు చిక్కుతున్నది మాత్రం వీళ్లే.

దివ్యాంగుల విషయంలో జరిగింది మరీ బాధ కలిగించింది. దొంగ సదరం సర్టిఫికెట్లు లేవని ఎవరూ అనలేరు. చక్కగా వినపడేవాళ్లకు చెవుడని, నడిచేవాళ్లకు కాళ్లు రావని డబ్బు తీసుకుని రాసిచ్చిన సంగతులు బయటపడ్డాయి. తనిఖీ చేయాల్సిందే. 2025 జనవరిలో మొదలైన పునఃపరిశీలనలో మంచాన ఉన్నవారి ఇళ్లకు వైద్య బృందాలను పంపడం మంచి పద్ధతి కూడా. కానీ ఆగస్టు నాటికి వేలమంది చేతికి నోటీసులొచ్చాయి. వైకల్యం 40 శాతం కన్నా తక్కువ కాబట్టి పింఛను రద్దు, అరవై దాటితే వృద్ధాప్య పింఛనుగా మార్పు, అంటే ఆరు వేల నుంచి నాలుగు వేలకు. పదేళ్లుగా 'శాశ్వతం' అని రాసి ఉన్న సర్టిఫికెట్ పట్టుకు తిరిగిన పోలియో బాధితులకు కూడా 'తాత్కాలికం' అని వచ్చిందన్న గొడవ కలెక్టరేట్ల దాకా వెళ్లింది. ఆందోళనలు చూశాక అప్పీలు పెట్టుకున్నవారికి పింఛను ఇస్తామని, మళ్లీ పరీక్ష చేయిస్తామని ప్రభుత్వం చెప్పింది. మంచిదే. కానీ ముందే ఆ మాట చెప్పి ఉంటే ఆ నెలంతా అంత టెన్షన్ ఎందుకు? ఒకే కాలు, ఒకే ఎముక. ఒక డాక్టరు 60 శాతం అన్నాడు, ఇంకో డాక్టరు 35 అన్నాడు. ఇద్దరిలో ఒకరు తప్పు. తప్పు మొదటివాడిదే అయి ఉండాలని ముందే ఎలా తేల్చేస్తాం? మోసపు సర్టిఫికెట్ రాసిన వైద్యుడి మీద చర్య ఏమిటన్నది తర్వాత తీరిగ్గా చూస్తాం, పింఛను మాత్రం ఇవాళే ఆపుతాం అంటే కుదరదు.

ప్రభుత్వం తలుచుకుంటే నిబంధన ఎంత సులువవుతుందో చూపే ఉదాహరణలూ ఇక్కడే ఉన్నాయి. పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే ఒకప్పుడు భార్య మళ్లీ మొదటినుంచి దరఖాస్తు పెట్టుకుని నెలల తరబడి చూడాల్సి వచ్చేది. 2024 నవంబరు నుంచి పద్ధతి మార్చారు. మరణ ధ్రువీకరణ పత్రం సకాలంలో ఇస్తే మరుసటి నెల ఒకటినే ఆమె పేరు మీద పింఛను వస్తోంది. అంతకుముందు చనిపోయినవారి భార్యలనూ తర్వాత 'స్పౌజ్' కేటగిరీ కింద చేర్చారు. కూతురింటికో ఆస్పత్రికో వెళ్లి రెండు నెలలు తీసుకోలేకపోతే మూడో నెలలో మూడూ కలిపి ఇస్తున్నారు. అంతకుముందైతే ఒక నెల తప్పితే ఆ డబ్బు పోయినట్టే ఉండేది. పింఛను రోజుకు ఊరు చేరాలని జ్వరంతో బస్సెక్కిన ముసలివాళ్లను మేమెరుగుదుం. ఒక చిన్న జీవో ఆ ప్రయాణాలు ఆపింది.

2024 ఏప్రిల్, మే నెలలూ గుర్తున్నాయి. అప్పట్లో పింఛను ఇంటికి తెచ్చిచ్చే వాలంటీర్లను ఎన్నికల సంఘం పక్కన పెట్టమనడంతో ముసలివాళ్లు మండుటెండలో సచివాలయాల దగ్గర, ఆ పై నెల బ్యాంకుల దగ్గర పడిగాపులు కాశారు. ఒక్క చేయి ఆగితే మొత్తం ఏర్పాటు ఎలా తడబడుతుందో ఆ రెండు నెలలు చూపించాయి. పార్టీలు దాన్ని ఎవరికి వారు వాడుకున్నాయి, ఆ సంగతి వదిలేద్దాం.

తెలంగాణలో కథ వేరు. అక్కడ ఇంటికి తెచ్చివ్వరు, బ్యాంకు ఖాతా లేదా పోస్టాఫీసు. వృద్ధాప్య పింఛను 2019 నుంచి 2,016 రూపాయల దగ్గరే ఉండిపోయింది. దివ్యాంగులకు 2023లో 4,016 చేశారు. చేయూత అనే పింఛను పథకం కింద 4 వేలు, 6 వేలు ఇస్తామన్న 2023 ఎన్నికల హామీ కోసం ఎదురుచూపులు సాగాయి. కంప్యూటర్‌ను గుడ్డిగా నమ్మితే ఏమవుతుందన్న పాఠం కూడా ముందుగా నేర్చుకున్నది తెలంగాణే. 'సమగ్ర వేదిక' పేరుతో రకరకాల శాఖల సమాచారాన్ని కలిపి జల్లెడ పట్టినప్పుడు, పేరు కాస్త కలిసినందుకు రిక్షా తొక్కి బతికిన మనిషికి కారు యజమాని అన్న ముద్ర పడింది. రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ముందు రద్దు చేసి, ఆనక విచారించడం ఎంత తలకిందుల పనో అంతకన్నా వేరే రుజువు అక్కర్లేదు.

కాబట్టి మేం కోరేది పెద్ద సంస్కరణ కాదు. పింఛను ఆపాలనుకుంటే ఆపడానికి నెల ముందు, తెలుగులో, కారణం రాసి ఉన్న కాగితం ఇంటికి వెళ్లి ఇవ్వండి. డబ్బు తెచ్చే ఉద్యోగే ఆ కాగితమూ తేవచ్చు. 'ఇన్‌ఎలిజిబుల్' అన్న ఒక్క ముక్క చాలదు. ఏ మీటరు, ఏ కారు, ఏ కొడుకు అన్నది నంబరుతో సహా ఉండాలి. ఆమె జవాబు చెప్పుకుని, ఎవరో ఒక అధికారి విని, సంతకం పెట్టి తేల్చేదాకా డబ్బు ఆగకూడదు. తల్లి వేరుగా బతుకుతోందో లేదో ఊరందరికీ తెలిసిన విషయం. దాన్ని తేల్చే అధికారం అమరావతిలోని సర్వర్‌కు కాక, వీధిలోకి వెళ్లి చూసి రాగలిగే ఎంపీడీఓకు ఉండాలి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రమ్మంటే రానూపోనూ ఛార్జీలకే రెండు వందలు అవుతున్నాయి, ఢిల్లీ నెలకిచ్చే మొత్తం అంత.

ఇంకొకటి. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీని రాష్ట్రమంతటా ఒక వ్యవస్థగా మొదట నిలబెట్టింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. 2006 నుంచి మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, గ్రామసభలో పైకి చదివారు, చనిపోయినవాళ్ల పేరు మీద కూలీ ఎత్తినవాళ్లు అక్కడే తలదించుకున్నారు. పింఛన్ల జాబితాకు అదే పని ఎందుకు చేయరు? ఎవరికి నిజంగా చెవుడో, ఎవరు వేషం వేస్తున్నారో రచ్చబండ దగ్గర కూర్చున్నవాళ్లకు ఏ యంత్రం కన్నా బాగా తెలుసు. అన్యాయంగా పోయిన పేరు గురించీ ముందు మాట్లాడేది వాళ్లే. మనిషి జబ్బు వివరాలు అందరిముందు చదవనక్కర్లేదు, పేరూ కేటగిరీ చాలు.

ప్రతి సచివాలయంలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు ఉన్నాయి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు రోజూ వాటిలోంచే వస్తున్నాయి. పింఛను ఎందుకు ఆగిందో, ఎవరిని అడగాలో, ఎప్పటిలోగా తేలుస్తారో రాసిన అరపేజీ కాగితం కూడా అదే ప్రింటరులోంచి రావచ్చు. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, అసెంబ్లీ అక్కర్లేదు. వచ్చే నెల మూడో తారీఖున మెట్ల మీద కూర్చున్నవాళ్లతోనే మొదలుపెట్టొచ్చు.